వాడిన సూది వెనక్కి వెళ్లే దారి

షుగర్ జబ్బుకు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకునే మనిషి ఏడాదికి 730 సార్లు సూది పొడుచుకుంటాడు. డాక్టరు చెప్పినట్టు ప్రతిసారీ కొత్త సూది వాడితే ఆ ఒక్క ఇంట్లోనే ఏడాదికి 730 సూదులు పోగవుతాయి. చాలా ఇళ్లలో జరిగేట్టు ఒక సిరంజిని నాలుగైదుసార్లు వాడి పారేసినా నూట నలభైకి తగ్గవు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని అది లెక్కగట్టింది. వాళ్లలో మాత్రలతో నెట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ. అయినా ఇన్సులిన్ దాకా వచ్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటే చాలు, ఆ ఊళ్లో ఏటా వేల సూదులు మిగులుతాయి. అవి ఎక్కడికి పోతున్నాయి? గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మధ్య ఉన్న ఊళ్లను ఈ ప్రశ్న మిగతావాళ్ల కంటే గట్టిగా నిలదీస్తుంది. ఎందుకంటే ఇక్కడ ఇంటి చెత్తలో చాలా భాగం ఊరు దాటదు, పొలానికి పోతుంది. వాడిన సూదిని చెత్తగా చూసినంతకాలం అది చివరికి తేలేది ఎవరో ఒక కూలీ అరికాల్లోనే. దాన్ని మందులో భాగంగా లెక్కవేసి, మందు వచ్చిన దారినే వెనక్కి పంపే ఏర్పాటు చేయాలన్నది నా వాదన. మన నియమాలు ఆ దారికి దగ్గరగా వచ్చి ఆగిపోయాయి.

ఆసుపత్రిలో నర్సు వాడిన సూదికి చట్టం గట్టి కాపలానే పెట్టింది. 1998లో తొలిసారి వచ్చిన జీవవైద్య వ్యర్థాల నియమాలను కేంద్రం 2016 మార్చి 28న తిరగరాసింది. వాటి ప్రకారం సూదులు, బ్లేడ్లు, సూది విడిగా ఊడిరాని సిరంజిలు గుచ్చినా చిల్లు పడని, కారని, మళ్లీ తెరవడానికి వీల్లేని తెల్లటి డబ్బాలో పడాలి. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజి ఎర్ర సంచిలోకి వెళ్లాలి. సంచులకూ డబ్బాలకూ బార్‌కోడ్ ఉండాలి. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఏ ఆసుపత్రీ సొంతంగా ఆ పని పెట్టుకోకూడదు, అక్కడికే పంపాలి. అక్కడ సూదులను ఆవిరితోనో పొడి వేడితోనో క్రిమిరహితం చేసి ముక్కలు చేస్తారు, లేదంటే లోహపు డబ్బాలోనో సిమెంటు కాంక్రీటులోనో బిగించేస్తారు. రక్తదాన శిబిరానికీ, టీకాల శిబిరానికీ ఇవే నియమాలు. గుంటూరు కొత్తపేటలో వీధికి అటూ ఇటూ నర్సింగ్‌హోములే. అక్కడ మంచం మీద పడుకున్న రోగికి గుచ్చిన సూదికి ఇంత మర్యాద. ఆ రోగే డిశ్చార్జి అయి ఇంటికొచ్చి అదే మందు, అదే కొలత, అదే రకం సిరంజితో పొడుచుకుంటే ఆ సూది మరో చట్టం కిందికి జారిపోతుంది.

ఆ రెండో చట్టం, 2026లో కొత్తవి వచ్చేదాకా, 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు. అందులో ఇంటి ప్రమాదకర వ్యర్థాలంటూ ఒక జాబితా ఉండేది: పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, బల్బులు, ట్యూబ్‌లైట్లు, గడువు తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, పాత బ్యాటరీలు, వాటితోపాటే వాడిన సూదులు, సిరంజిలు. ఇంట్లోవాళ్లు చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా విడదీయాల్సి ఉండేది. మూడో రకాన్ని తీసుకోవడానికి నగరపాలక సంస్థ ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక కేంద్రం పెట్టి, అది ఏ వేళల్లో తెరిచి ఉంటుందో ప్రజలకు చెప్పాల్సి ఉండేది. గుంటూరు నగర విస్తీర్ణం సుమారు 168 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన నగరానికి తొమ్మిది కేంద్రాలు కావలసి ఉండేవి. చదవడానికి ఇది చక్కటి నియమమే. కాకపోతే సూదిని, ట్యూబ్‌లైటును, పురుగుమందు డబ్బాను ఒకే గాటన కట్టడంలోనే ఒక తిరకాసు ఉంది. ట్యూబ్‌లైటు మూడేళ్లకోసారి పోతుంది, దాన్ని జాగ్రత్తగా పట్టుకుని ఒక కేంద్రం దాకా వెళ్లే ఓపిక మనిషికి ఉండొచ్చు. సూది రోజూ రెండు మిగులుతుంది. దాన్ని వాడేది తరచుగా అరవై దాటినవాళ్లు, కళ్లు మసకబారినవాళ్లు, కాళ్లలో తిమ్మిర్లున్నవాళ్లు. వాళ్లను ఎక్కడో నాలుగు కిలోమీటర్ల అవతలి కేంద్రానికి రమ్మనే నియమం కాగితం దిగి రాదు.

రాష్ట్రంలో ఆ కాగితానికి కొంత కాళ్లొచ్చిన సందర్భం 2021 అక్టోబరు 2. ఆ రోజు విజయవాడలో మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో పట్టణాల ఇళ్లకు మూడేసి బుట్టలు పంచారు. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలిది పొడి చెత్తకు, ఎర్రది ప్రమాదకర వ్యర్థాలకు. దానితోపాటు వచ్చిన చెత్త పన్ను ఎంత రగడ అయిందో, 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో దాన్ని ఎత్తేస్తున్నట్టు ప్రకటించేదాకా ఎలా సాగిందో పాఠకులకు తెలిసిందే. పన్ను సంగతి రాజకీయాలకు వదిలేద్దాం. ఎర్ర బుట్ట మాత్రం మంచి ఆలోచన. అయితే బుట్ట పని ఇంటి గుమ్మం దగ్గరే అయిపోదు. బండిలో మూడో గది ఉండాలి, ఆ గదిలోది దించుకునే చోటు ఉండాలి, అక్కడి నుంచి శుద్ధి కేంద్రానికి పంపే ఒప్పందం ఉండాలి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఎర్ర బుట్టలోది పొడి చెత్తలోకే చేరుతుంది. గుంటూరు, విజయవాడల చెత్తతో కరెంటు తీయడానికి కొండవీడు దగ్గర జిందాల్ సంస్థ కర్మాగారం నడుస్తోంది. చెత్త అక్కడికి పోతే సూది కూడా కాలిపోతుందిగదా అని అనిపించవచ్చు. కానీ కొలిమి చేరేలోపు ఆ సూది ఇంటి పనిమనిషి చేతినీ, బండి దగ్గర చెత్త విడదీసే కార్మికురాలి చేతినీ, దించుకునే చోట ప్లాస్టిక్ ఏరుకునేవాళ్ల చేతినీ దాటాలి. ప్రమాదమంతా ఆ మూడు చేతుల్లోనే ఉంది.

పట్టణం సంగతి ఇలా ఉంటే పల్లె సంగతి వేరు. 2016 నియమాలు ఎవరికి వర్తిస్తాయో మొదట్లోనే చెప్పాయి: పురపాలక సంస్థలు, వాటిని ఆనుకుని పెరిగిన ప్రాంతాలు, జనగణన పట్టణంగా లెక్కించిన ఊళ్లు, ఇంకా పారిశ్రామిక టౌన్‌షిప్పులు, అలాంటివే మరికొన్ని. మామూలు గ్రామ పంచాయతీ ఆ జాబితాలో లేదు. అంటే చిలకలూరిపేట పట్టణంలో ఇన్సులిన్ సూది ప్రమాదకర వ్యర్థమైంది, పొలిమేర దాటి పక్క ఊళ్లోకి వెళితే ఆ నియమం దృష్టిలో ఏమీ కాలేదు. ఊరా, పట్టణమా అన్న గీత ఎంత బరువైనదో ఈ ప్రాంతానికి నూరేళ్ల కిందటే తెలుసు. 1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం 1921లో ఊళ్లు ఖాళీ చేసి, పొలిమేర బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. పురపాలన పేరుతో భారం మోపితే జనం ఏం చేస్తారో అప్పుడే తేలింది. ఆ గీత పల్లెకు మిగిల్చిన లోటు గురించి మాత్రం ఇంత చర్చ జరగలేదు. 2026 జనవరిలో కేంద్రం ప్రకటించి, ఏప్రిల్ 1 నుంచి అమలవుతాయని చెప్పిన కొత్త ఘన వ్యర్థాల నియమాలు చెత్తను నాలుగుగా విడదీయమన్నాయి. మందులూ థర్మామీటర్లూ బల్బుల వంటివాటికి ప్రత్యేక శ్రద్ధ వ్యర్థాలని పేరుపెట్టాయి. గ్రామీణ స్థానిక సంస్థలకూ బాధ్యతలు అప్పగించాయి. ఇది ముందడుగే. పట్నం కోసం గీసిన పటాన్ని పల్లెకు పెద్దది చేసి ఇస్తే సరిపోతుందా అన్నదే నా అనుమానం.

సరిపోదని ఎందుకంటున్నానో చెప్పాలంటే పల్లెలో చెత్త నడిచే దారి వెంట వెళ్లాలి. ఇల్లూ వాకిలీ ఊడ్చిన దుమ్ము, పొయ్యి బూడిద, పేడ, పశువులు తినగా మిగిలిన చొప్ప, కూరగాయల తొక్కలు అన్నీ పెరటి చివరనో ఊరి బయటనో ఉన్న పెంటదిబ్బకు చేరతాయి. ఏడాది పొడుగునా మాగిన ఆ పెంటను ఎండాకాలంలో, వానలు పడకముందే, పొలానికి తోలతారు. ఒకప్పుడు బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టరు ట్రక్కుల్లో. మిరప చేనికి ఎకరాకు పది టన్నుల దాకా పశువుల ఎరువు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. అంత పెంట సొంత పెరట్లో దొరకనివాళ్లు పక్కవాళ్ల దిబ్బ ట్రక్కుల లెక్కన కొంటారు. అలా ఒక ఇంటి సూది మరో ఊరి చేలోకి వెళుతుంది, దాని యజమాని ఎవరో ఎవరికీ తెలియదు. నల్లరేగడి వేసవిలో బీటలు విచ్చి సూదిని మింగుతుంది. దుక్కి దున్నినప్పుడు, గుంటక తోలినప్పుడు, వానకు మట్టి కొట్టుకుపోయినప్పుడు మళ్లీ పైకి తెస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కనుక మామూలు ఇనుప మేకులా తుప్పుపట్టి పొడి కాదు. పాడి తగ్గి దిబ్బ లేని ఇళ్లవాళ్లు చెత్తను చెరువుగట్టు మీదో ఓగేరు, నల్లమడ లాంటి వాగుల ఒడ్డునో పోస్తే, వరద దాన్ని దిగువ పొలాలకు పంచిపెడుతుంది.

ఆ పొలాల్లో పని ఎక్కువగా చేతులతోనే జరుగుతుంది. మిరప నాటేది చేత్తోనే, కలుపు తీసేది చేత్తోనే. పత్తి తీసేది చేత్తోనే, మిరపకాయ కోసేది చేత్తోనే. రాలిన కాయను నేల మీద నుంచి ఏరేదీ చేత్తోనే. నల్లరేగడి తడిసిందంటే చెప్పులకు పట్టి బరువెక్కుతుంది, అందుకని కూలీలు చెప్పులు గట్టున వదిలి దిగుతారు. పత్తి తీతలకూ మిరప కోతలకూ కర్నూలు పడమటి మండలాల నుంచి వందల కుటుంబాలు ఈ ప్రాంతానికి వలస వస్తాయి, చేల పక్కనే పరదాలు కట్టుకుని ఉంటాయి. వాళ్ల పిల్లలు ఆడుకునేదీ ఆ చేలగట్ల మీదే. ఇన్సులిన్ వాడిన పెద్దాయన, ఆయన సూది గుచ్చుకున్న కూలీ ఎన్నడూ ఒకరికొకరు ఎదురుపడరు. చట్టం ఊహించిన చెత్త కథలో ఇంటి యజమాని, చెత్త బండి, పారిశుద్ధ్య కార్మికుడు ఉన్నారు, ఈ కూలీ లేదు. పల్లెల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు కట్టారు. అక్కడ చెత్తను విడదీసి వానపాముల ఎరువు చేస్తారు. మంచి పనే, కానీ విడదీసేది అక్కడా చేతులే, తయారైన ఎరువు వెళ్లేదీ పొలానికే.

పైగా ఊళ్లో సూదులన్నీ ఇన్సులిన్‌వి కావు. జ్వరమొస్తే ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేని ఊరి వైద్యుడు, ఇంటికొచ్చి సూదిమందు వేసి వెళతాడు, సిరంజి తరచుగా ఆ ఇంట్లోనే మిగులుతుంది. గేదె చేపకపోతే ఆక్సిటోసిన్ సూది వేసే దురలవాటు, దాని మీద ఎన్ని ఆంక్షలున్నా, పూర్తిగా పోలేదు. పశువుల సిరంజి పెద్దది, సూది లావు. అది గుచ్చుకుంటే గాయమూ పెద్దదే. ఇక పురుగుమందును మిల్లీలీటర్లలో కొలవడానికి సిరంజి అంత చక్కటి సాధనం లేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పటి నుంచి ఖరీదైన మందులను చుక్క లెక్కన కలపడం ఎక్కువైంది. అలా మనిషికి వాడిన సిరంజి చేలోకి, చేలో వాడినది ఇంట్లోకి వచ్చే అవకాశముంది. ఇంట్లో వాడిన సిరంజిని కడిగి చేనుకు పట్టుకెళ్లడం పొదుపుగా కనబడుతుంది. ఆ సూది మీద మిగిలిన రక్తమో మందో మాత్రం కంటికి కనబడదు. పల్లె చెత్త గురించి చట్టం తొలినాళ్లలో ఎలా ఆలోచించిందో చూడాలంటే 1971 నాటి పురుగుమందుల నియమాలు చాలు: వాడిన డబ్బాలను పగలగొట్టి నివాసాలకు దూరంగా పాతిపెట్టాలని వాటిలో ఉంది. పాతిపెట్టమని చెప్పిన నేలే సాగు నేల అన్న సంగతి ఆ వాక్యం రాసినవారికి తట్టినట్టు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. ఇన్సులిన్ సూది వెంట్రుక అంత సన్నం, చర్మం కిందికే వెళుతుంది, ఎండలో పడితే దాని మీద క్రిమి ఎంతసేపు బతుకుతుంది, దీనికింత హడావుడి అవసరమా అని. నిజం చెప్పాలంటే పారేసిన సూది వల్ల హెచ్‌ఐవీ సోకే అవకాశం చాలా చాలా తక్కువ. ఆసుపత్రిలో, రోగి ఒంటి నుంచి అప్పుడే తీసిన సూది గుచ్చుకున్నా వెయ్యిలో ముగ్గురికి సోకుతుందని అంచనా. నేల మీద ఎండిన సూదికి అంతకంటే చాలా తక్కువ. ఈ భయాన్ని పెంచి చెప్పడం గుంటూరు జిల్లాకు ఒకసారి చెడ్డగానే తగిలింది. 2004-05లో గుంటూరు జిల్లాలో 12 వేల మందికి పైగా రక్తం పరీక్షించి చేసిన సర్వేలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు 1.72 శాతమని తేలింది. ఆసుపత్రులకొచ్చేవాళ్ల నమూనాల ఆధారంగా అప్పటిదాకా వేసిన అంచనా దానికి రెట్టింపుకు మించి ఉండేది. తర్వాత 2007లో దేశం మొత్తం లెక్కే సగానికి పైగా దిగివచ్చింది. జిల్లా పేరు చెబితే సంబంధాలు వెనక్కి తిరిగిన రోజులవి. అందుకని సూదుల గురించి మాట్లాడేటప్పుడు హెచ్‌ఐవీని ముందు నిలబెట్టి బెదిరించడం నాకు సమ్మతం కాదు.

అసలు బరువు హెపటైటిస్-బి దగ్గర ఉంది. ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా ఏడు రోజులు బతకగలదు. టీకా లేని మనిషికి, వైరస్ బాగా ఉన్న రక్తం అంటిన తాజా సూది గుచ్చుకుంటే సోకే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుంది. పిల్లల టీకాల్లో హెపటైటిస్-బి చేరింది ఈ శతాబ్దంలోనే. ఇవాళ చేలో వంగి కలుపు తీస్తున్న నడివయసు ఆడవాళ్లు దాదాపు అందరూ అంతకుముందు పుట్టినవాళ్లు. ఇంకో మాట. సూది గుచ్చుకున్న మనిషికి అది ఎవరిదో తెలియదు, తెలియకపోవడమే ఖర్చు. హెచ్‌ఐవీ అనుమానముంటే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఆ తర్వాత నెలల తరబడి పరీక్షలు. ధనుర్వాతం టీకా సరే, హెపటైటిస్-బికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కావలసి రావచ్చు, అది ఖరీదైనది. గుంటూరు పెద్దాసుపత్రికి పోయి రావడమంటే కూలి పోయినట్టే, వలస కూలీకైతే ముఠాలో చోటే పోవచ్చు. కాబట్టి చాలామంది సూది పీకి పారేసి, ఇంత పసుపు అద్ది, పనిలో పడతారు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాకపోవచ్చు. ఆ ఒక్కసారి పందెం కాసేది మాత్రం సూది పారేసిన ఇంటివాళ్లు కాదు.

రెండో అభ్యంతరం పల్లెలో సహజంగా వచ్చేది: కాల్చేస్తే పోలా? పత్తికట్టె మంటలో ప్లాస్టిక్ కరిగి పొగవుతుంది, సూది అలాగే మిగులుతుంది. ఇంకా చెడ్డ సంగతి, దాన్ని పట్టుకునేందుకు గొట్టం కూడా ఉండదు, కనుక బూడిదలో ఇంకా కనబడకుండా పోతుంది. ఆ బూడిద పోయేదీ దిబ్బకే. మరుగుదొడ్డి గుంటలో వేస్తే గుంట తోడే కార్మికుడి మీదికి. పాతిపెడితే నాగలి కర్రు మీదికి. పాత సామాన్లవాడికి వేస్తే సిరంజి ప్లాస్టిక్‌కు ధర పలుకుతుంది, ఆ దారి ఎక్కడికి పోగలదో గుజరాత్‌లోని మోడాసా 2009లో చూపించింది. వాడిన సిరంజిలనే మళ్లీ వాడటంతో అక్కడ హెపటైటిస్-బి ప్రబలి డజన్ల కొద్దీ జనం చనిపోయారు. వాడి పారేసిన వైద్య సామగ్రిని తిరిగి అమ్మే వ్యాపారం ఆ సందర్భంగానే బయటపడింది. మోడాసాలోవి ఇళ్ల నుంచి పోయిన సూదులని అనడం లేదు, వైద్యుల దగ్గర నుంచి మొదలైన తప్పు అది. వాడిన సిరంజికి బజారులో విలువ ఉందని మాత్రం అది రుజువు చేసింది.

అయితే ఏం చేయాలి? ఇన్సులిన్ ఇంటికి ఏ దారిన వచ్చిందో చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచో, పట్నంలో మందుల షాపు నుంచో. 2023 ఏప్రిల్‌లో చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం ప్రణాళిక ప్రకారం, డాక్టరు 104 వాహనంలో ప్రతి గ్రామ సచివాలయానికి నెలకు రెండుసార్లు రావాలి, మంచం దిగలేని రోగి ఇంటికి వెళ్లి చూడాలి. రెండున్నర వేల జనాభాకు ఒకటి చొప్పున గ్రామ ఆరోగ్య కేంద్రాలు పెట్టారు. ప్రభుత్వాలు మారి పేర్లు మారినా భవనాలూ సిబ్బందీ ఉన్నారు. ఆరోగ్య కేంద్రంలో తెల్ల డబ్బా ఎలాగూ ఉంటుంది, దాన్ని శుద్ధి కేంద్రానికి చేర్చే బండి ఎలాగూ వస్తుంది. రోగి నెలనెలా మందుకు వచ్చేటప్పుడు నిండిన డబ్బా ఇచ్చి ఖాళీది పట్టుకెళ్లడం కంటే సులువైన పద్ధతి లేదు. చెత్త బండికి మూడో గది, పంచాయతీకి కొత్త కేంద్రం, కొత్త కాంట్రాక్టు ఏవీ అక్కర్లేదు. కొత్తగా కావలసింది ఒక ఉత్తర్వు: ఇళ్ల నుంచి వచ్చే సూదులను ఆరోగ్య కేంద్రాలు తమ వ్యర్థంగానే తీసుకోవాలి అని.

ఇది జరగని పని అనేవాళ్లు కరోనాను గుర్తుచేసుకోవాలి. 2020లో ఇంట్లో ఐసొలేషన్‌లో ఉన్నవాళ్ల వ్యర్థాలను పసుపు సంచుల్లో విడిగా తీసుకుని జీవవైద్య శుద్ధి కేంద్రాలకు పంపాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించింది. ఇల్లు, ఆసుపత్రి అన్న గీతను అవసరం వచ్చినప్పుడు చట్టమే చెరిపేసింది. కేరళ 2025లో ఎన్‌ప్రౌడ్ పేరుతో ఇళ్లలో మిగిలిన మందులను వెనక్కి తీసుకునే పథకాన్ని కోళిక్కోడ్ నగరంతోపాటు ఉల్లియేరి అనే పంచాయతీలో కూడా ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పల్లెలో కుదరదన్న మాటకు అది జవాబు. ఫ్రాన్స్‌లో రోగులు సూదుల డబ్బాను ఉచితంగా మందుల షాపు నుంచి తెచ్చుకుని నిండాక సేకరణ కేంద్రానికి ఇస్తారు, ఖర్చు తయారీదారులు పెట్టుకుంటారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012 నుంచి సూదులను ఇంటి చెత్తలో వేయడాన్నే నిషేధించింది. వీటిలో మనకు పనికొచ్చేది నిషేధం కాదు. తీసుకునే చోటు చూపించకుండా నిషేధిస్తే సూది దిబ్బలో వేయడం మానరు, దాచి వేస్తారు.

ఖర్చు, పనిభారం సంగతికి వస్తే, సిబ్బంది మీద ఇప్పటికే పని ఎక్కువన్న మాట న్యాయమైనదే. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తల మీద ప్రతి ప్రభుత్వమూ ఒక రిజిస్టరు పెంచుకుంటూ పోయింది. వాళ్లను ఇల్లిల్లూ తిరిగి సూదులు ఏరమనడం తప్పు. రోగే తేవాలి, కేంద్రం పుచ్చుకోవాలి, లెక్కాపత్రం డబ్బాల సంఖ్యతో ఆగాలి. పెన్ను సూదులైతే ఒక మనిషివి ఏడాదివి ఒకటి రెండు లీటర్ల డబ్బాలో ఇమిడిపోతాయి. సిరంజిలైతే ఎక్కువ చోటు పడుతుంది. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. డబ్బాల ఖర్చు అలాంటి పద్దులో కనబడనంత చిన్నది. శుద్ధి కేంద్రానికి కట్టాల్సింది పెరిగితే ఆ పెరిగిన మేరకు సిరంజి, పెన్ను తయారీ కంపెనీలను అడగవచ్చు. ప్లాస్టిక్ ప్యాకింగు విషయంలో ఉత్పత్తిదారుడి బాధ్యత అన్న సూత్రాన్ని దేశం ఇప్పటికే ఒప్పుకుంది. ఆర్‌ఎంపీల దగ్గర మాత్రం చిక్కుంది: వాళ్ల సూదులు తీసుకుంటే వాళ్ల వైద్యాన్ని ఒప్పుకున్నట్టవుతుందని అధికారులు వెనకాడతారు. అధికారుల ఇరకాటం అర్థమవుతుంది. అయినా సూది తీసుకోవడానికి ఎవరిదని అడగకపోవడమే మేలు, అడిగితే రాదు.

ఉత్తర్వు వచ్చేదాకా ఇంట్లో చేయగలిగినది ఉంది. బట్టల సబ్బు ద్రవం, ఫినాయిల్ లాంటివి వచ్చే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, మర మూత ఉన్నది, పిల్లలకందని చోట పెట్టుకోవాలి. మంచినీళ్ల సీసా వద్దు, పలచన, సూది బయటికి పొడుచుకొస్తుంది. గాజు వద్దు, పగులుతుంది. ఈ ప్రాంతంలో చేతికి మొదట దొరికే మందపాటి డబ్బా పురుగుమందుది. దాన్ని మాత్రం ఇంట్లోకి తేకూడదు, ఎంత కడిగినా. పొడుచుకున్న వెంటనే సూదిని వంచకుండా, విరవకుండా, సిరంజితో సహా డబ్బాలో వేయాలి. ఇంకొకరికి వేసిన సూదికైతే మూత తిరిగి పెట్టే ప్రయత్నమే చేయవద్దు, చేతులకు సూది దిగేది ఎక్కువగా అప్పుడే. ముప్పాతిక నిండగానే మూత బిగించి టేపు చుట్టి, దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనో తెలిసిన ఆసుపత్రిలోనో తీసుకుంటారేమో అడగాలి. ఊరివాళ్లు పదిమంది అడిగితే ఆ డాక్టరు జిల్లా అధికారికి రాస్తారు. పంచాయతీ పక్కాగా తీర్మానం చేసి పంపితే ఇంకా మంచిది. డబ్బా మీద వాడిన సూదులు అని పెద్ద అక్షరాల్లో రాయాలి, కానీ దాన్ని ఎత్తాల్సివచ్చే మనిషికి చదువు రాకపోవచ్చు, వచ్చినా వలస కూలీకి తెలుగు కాక కన్నడం వచ్చి ఉండవచ్చు. అందుకని అక్షరాల పక్కన ఎర్ర రంగుతో ఒక పెద్ద చుక్క పెట్టడం మేలు. పుణెలో శానిటరీ ప్యాడ్ల పొట్లాల మీద అలాంటి ఎర్ర చుక్క పెట్టాలని ఇళ్లవాళ్లను అడిగింది అక్కడ చెత్తను చేత్తో విడదీసే కార్మికుల సంఘమే.